చల్లటి వస్తువు నుంచి లేచే ‘పొగ’ ఎక్కడిదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

ప్రకాశం జిల్లా కొత్తపట్నం సముద్రపు ఒడ్డున చేపల కోసం ఐసు గడ్డలు దించేటప్పుడు వాటి చుట్టూ తెల్లగా పొగ కమ్ముతుంది. ఐసు క్రీము డబ్బా మూత తీసినా ఇదే తంతు. ఆ తెలుపు మన గాలిలోని తేమ. నీటి ఆవిరి కంటికి కనపడదు. గాలి చల్లబడి ఆవిరిని మోయలేనప్పుడు అది సన్నటి నీటి తుంపరలుగా మారుతుంది, అప్పుడే తెల్లగా కనిపిస్తుంది. చల్లటి గాలి బరువు గనుక ఈ పొగ కిందికి జారుతుంది.

సముద్రం పక్కన 32 డిగ్రీల వేడిలో తేమ 75 శాతం ఉంటే, ఘనపు మీటరు గాలిలో సుమారు 25 గ్రాముల ఆవిరి ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఆ గాలి మోయగలిగేది 5 గ్రాములే. మిగిలిన 20 గ్రాములూ బయటపడాల్సిందే. సముద్రానికి దూరంగా ఉన్న కనిగిరి వైపు 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే మొత్తం ఆవిరే 10 గ్రాములు. అందుకే అక్కడ అదే ఐసు అంతగా పొగలు కక్కదు.

మొదటి పరీక్ష: పెనం

మందపాటి ఇనుప దోసె పెనాన్ని పొడిగా తుడిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. కవరు లేకపోతే ముందే మంచు పడుతుంది. గదిలో ఫ్యాను ఆపి, లైట్లు ఆర్పి, వెనక నల్లటి గుడ్డ కట్టండి. పెనాన్ని మందపాటి పొడి గుడ్డతో పట్టుకోండి, తడి చేత్తో తాకితే చర్మం అంటుకుంటుంది. టార్చి మీ వైపు నుంచి కాకుండా, పెనం వెనక పక్కవాటుగా పెట్టాలి. అంచుల నుంచి సన్నటి తెర కిందికి జారడం కనిపిస్తుంది. నోటితో మెల్లగా ఊదితే చిక్కబడుతుంది, ఎందుకంటే ఊపిరిలో ఆవిరి ఎక్కువ. ఏసీ గదిలో ఒకసారి, అన్నం ఉడుకుతున్న వంటింట్లో ఒకసారి చేసి తేడా చూడండి. ఏమీ కనపడకపోతే కారణం సాధారణంగా ఫ్యాను గాలి, లేదా ముందు నుంచి వేసిన టార్చి.

రెండో పరీక్ష: ఉప్పు రుచి

అసలు రుజువు ఇదే, ఓపికగా చేయండి. స్టీలు గిన్నెలో ఒకటిన్నర కిలో చితక్కొట్టిన ఐసు, బరకగా దంచిన అరకిలో రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా వేసి గరిటెతో కలపండి. గిన్నె ముప్పాతికకు మించి నింపవద్దు. ఉప్పు వల్ల ఐసు సున్నా కంటే కింది డిగ్రీల్లో కూడా కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని గిన్నె నుంచే లాగుతుంది. బాగా కలిస్తే మైనస్ 15 డిగ్రీలు దాటుతుంది. మైనస్ 21 దీని హద్దు. ఐసు ముక్కలు పెద్దవిగా ఉంటే అంత చల్లబడదు.

గిన్నె బయటి గోడను, అంచును ముందే తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. కాసేపటికి బయట తెల్లటి మంచు పేరుకుంటుంది. దాన్ని శుభ్రమైన చెంచాతో గీకి, కరిగాక నాలుక మీద వేసుకోండి. చప్పగా ఉంటుంది. లోపలి నీళ్లు ఉప్పన, బయటివి చప్పన: ఆ నీళ్లు గాలి నుంచి వచ్చినవే. ఉప్పగా తగిలితే తుడవడంలో లోపం, మళ్లీ చేయండి.

డ్రై ఐసు జోలికి పిల్లలు వెళ్లకూడదు

పెళ్లి స్టేజీల మీద వేడినీళ్లలో వేసేది డ్రై ఐసు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ వాయువు, మైనస్ 78 డిగ్రీలు. దాని కార్బన్ డయాక్సైడ్ కనపడదు, కనపడేది ఇక్కడా నీటి తుంపరలే. కిలో ముక్క 500 లీటర్లకు పైగా వాయువు అవుతుంది. మూత బిగించిన సీసాలో పేలుతుంది, కిటికీలు మూసిన కారులో ఊపిరాడదు. ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, నోట్లో వేసుకోవద్దు.

ఫ్రిజ్ తలుపుకు ఈ జ్ఞానం

ఫ్రీజరు తెరిచినప్పుడు కనపడే పొగ, లోపలికి చొరబడుతున్న తేమకు గుర్తు. అదే గోడలకు మంచుగా పేరుకుంటుంది. మంచు త్వరత్వరగా పేరుకుంటుంటే తలుపు రబ్బరు చూడండి: సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, చుట్టూ నాలుగైదు చోట్ల. సులువుగా జారివచ్చిన చోట రబ్బరు వదులైంది. మురికి ఉంటే గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ జారితే రబ్బరు మార్పించాల్సిందే.