బరువు తగ్గే శస్త్రచికిత్స తర్వాత గట్టి ఆహారానికి అలవాటు పడే విధానం

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలోని 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టంలా కుట్టి ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆహారం మొదట చేరే ఆ సంచి ఇంకా చిన్నది. అందులో దాదాపు 30 మిల్లీలీటర్లు మాత్రమే పడుతుంది. పైన గాట్లు మానిపోయాయి కాబట్టి లోపల కూడా అంతా నయమైందని చాలామంది అనుకుంటారు. కానీ లోపలి కుట్లు గట్టిపడటానికీ, వాపు తగ్గడానికీ వారాలు పడుతుంది. అందుకే సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులు పలుచని ద్రవాలు, రెండో వారం చివరి వరకు పాలు, మజ్జిగ, ప్రోటీన్ పానీయాల వంటివి, ఆ తర్వాత మెత్తగా రుబ్బిన ఆహారం, అటుపైన చెంచాతో నొక్కితే నలిగిపోయే ఆహారం ఇచ్చి, సుమారు రెండు నెలలకు గట్టి ఆహారానికి అనుమతిస్తారు. ఈ కాలపట్టిక ఆసుపత్రిని బట్టి మారుతుంది కాబట్టి మీకు శస్త్రచికిత్స చేసిన బృందం ఇచ్చిన పట్టికనే పాటించండి. ఒక దశ ఆహారం వాంతి, నొప్పి లేకుండా ఇముడుతున్నప్పుడే తర్వాతి దశకు వెళ్ళాలి. పక్కింటివారు నాలుగో వారానికే అన్నం తిన్నారన్న మాటను లెక్కలోకి తీసుకోకండి.

మొదటిసారి గట్టి పదార్థం తినేటప్పుడు ఇంట్లో, తొందర లేని పూట చూసుకోవడం మంచిది. ఒక పూటకు ఒక్క కొత్త పదార్థమే తీసుకుంటే ఏది పడిందో, ఏది పడలేదో స్పష్టంగా తెలుస్తుంది. ఉదాహరణకు ముళ్ళు తీసిన, పులుసులో మెత్తగా ఉడికిన చేపముక్కను చిన్న గిన్నెలో పెట్టుకోండి. చిటికెన వేలి గోరంత ముక్క తీసుకుని, అది నోటిలో పూర్తిగా జావలా మారే వరకు, అంటే ఇరవై ముప్పై సార్లు నమిలి మింగండి. ఆపై చెంచాను కింద పెట్టి, ఒక నిమిషం ఆగి, ఛాతీ కింద బరువుగా ఏమీ అనిపించకపోతేనే రెండో ముక్క తీసుకోండి. ఇలా తింటే నాలుగైదు చెంచాల ఆహారానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అంత సమయం పట్టడమే సరైన పద్ధతి.

ఈ కొద్ది నెలలు చేత్తో కాకుండా చిన్న చెంచాతో తినమని నేను గట్టిగా చెబుతాను. చేత్తో తినేటప్పుడు నోటిలో ఉన్నది నములుతుండగానే వేళ్ళు తర్వాతి ముద్దను కలిపి సిద్ధం చేస్తుంటాయి. ఆ ముద్ద ఇప్పటి మీ జీర్ణాశయానికి చాలా పెద్దది, పైగా సిద్ధంగా ఉన్న ముద్ద తొందరపెడుతుంది. టీవీ చూస్తూనో, ఫోనులో మాట్లాడుతూనో తిన్నా నమలడం అలాగే తగ్గిపోతుంది.

కడుపు నిండిన గుర్తు కూడా మునుపటిలా ఉండదు. రొమ్ము ఎముక కింద బిగుతుగా అనిపించడం, ఎక్కిళ్ళు, తేన్పు, ఉన్నట్టుండి ముక్కు కారడం, తుమ్ము రావడం వంటివి చాలామందిలో కనిపిస్తాయి. వీటిలో మీకు ఏది వస్తుందో గమనించి, అది కనిపించిన క్షణంలోనే ఆపాలి. గిన్నెలో రెండు చెంచాలు మిగిలాయని, పారేయడం ఎందుకని తినే ఆ చివరి ముక్కే నొప్పికి, నురుగులాంటి లాలాజలానికి, వాంతికి దారితీస్తుంది. ఏదైనా అడ్డుపడినట్టు అనిపిస్తే నీళ్ళు తాగి కిందికి తోయడానికి ప్రయత్నించవద్దు. తినడం ఆపి, లేచి మెల్లగా నడవండి. ఇబ్బంది తగ్గిన తర్వాత కూడా ఆ రోజుకు ద్రవాలకో, మెత్తని ఆహారానికో పరిమితం కండి.

ఇక ఏం తినాలన్న విషయానికి వస్తే, రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అవసరమని సాధారణంగా చెబుతారు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. వంద గ్రాముల పనీర్‌లో దాదాపు 18 గ్రాములు ఉంటుంది. వంద గ్రాముల అన్నంలో మూడు గ్రాములు కూడా ఉండదు. మన భోజనంలో అన్నమే ప్రధానం, పప్పూ కూరా దానిలోకి ఆదరువులు. ఇప్పుడు ఈ వరుసను తలకిందులు చేయాలి. గట్టిపప్పు, గుడ్డు, చేప, పనీర్ ముందు తిని, తర్వాత మెత్తగా ఉడికిన కూర, ఇంకా చోటుంటే చివరగా ఒకటి రెండు చెంచాల అన్నం తీసుకోవాలి. అన్నం ముందు తింటే ఉన్న కొద్దిపాటి చోటూ నిండిపోతుంది. సరిగా నమలకపోతే ముద్దకట్టి అడ్డుపడుతుంది కూడా. చపాతీ, బ్రెడ్ కూడా అంతే. ఇడ్లీ తేలికగా దిగినా అందులో ఎక్కువ భాగం బియ్యమే కాబట్టి, పలుచగా పోసిన పెసరట్టు ముక్క మేలు. కోడి రొమ్ము మాంసం ఎండినట్టుగా ఉండి చాలామందికి ఇబ్బంది పెడుతుంది. ఖీమాగా కొట్టించి రసంతో వండించుకోండి. మాంసపు ముక్కలు, మునక్కాడ, బత్తాయి తొనల మీది పొర, పచ్చి కూరగాయలు, ఊరగాయ కారం అన్నిటికంటే ఆలస్యంగా మొదలుపెట్టాలి.

తినేటప్పుడు పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టుకునే అలవాటు మానుకోవాలి. తిన్న తర్వాత అరగంట వరకు ఏమీ తాగకుండా, మిగిలిన సమయంలో గుక్క గుక్కగా రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు పూర్తి చేయాలి. సోడా, కూల్‌డ్రింకులు వద్దు.

తీపి విషయంలో, ముఖ్యంగా బైపాస్ అయినవారు, జాగ్రత్తపడాలి. పాయసం, బొబ్బట్టు, పండ్ల రసం వంటివి వేగంగా పేగులోకి చేరి, పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండెదడ, చెమట, కడుపునొప్పి, విరేచనం కలిగించవచ్చు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోతుంది. మధుమేహం మందులు వాడేవారు పాత మోతాదునే కొనసాగించకుండా వైద్యుడితో మార్పించుకోవాలి.

ఇంట్లోవారి ప్రేమ కూడా ఇక్కడ ఒక సమస్యే. “ఇంకొక్క ముద్ద తినమ్మా, నీరసించిపోయావు” అనే అమ్మకు, అత్తయ్యకు ముందే, “నాకిప్పుడు నాలుగు చెంచాలే పూర్తి భోజనం, ఇంకో చెంచా తింటే వాంతవుతుంది” అని నిదానంగా వివరించండి. వీలైతే ఆహార నిపుణురాలి దగ్గరకు వారిని కూడా వెంట తీసుకెళ్ళండి. వడ్డించేవారికి విషయం అర్థమైతే మీ పని సగం తేలికవుతుంది.

ఆహారంతో పాటు విటమిన్లు, బి12, ఐరన్, కాల్షియం తప్పనిసరి. ఐరన్‌నూ కాల్షియంనూ కనీసం రెండు గంటల తేడాతో వేసుకోవాలి. నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని వాడితే కొన్నింటి వల్ల జీర్ణాశయంలో పుండ్లు పడే ప్రమాదం ఉంది.

నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు ఒక రోజు దాటి కొనసాగితే వెంటనే వైద్యుడిని కలవండి, ఎందుకంటే అలాంటి వాంతుల వల్ల విటమిన్ బి1 తగ్గి నరాలు, మెదడు దెబ్బతినవచ్చు. జ్వరం, విశ్రాంతిలో కూడా తగ్గని గుండె వేగం, తీవ్రమైన కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, నల్లని మలం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. మొదట్లో బాగానే దిగిన గట్టి ఆహారం కొన్ని వారాలకు క్రమంగా దిగకుండా పోతుంటే అది దారి ఇరుకైపోవడం కావచ్చు. దానికి మళ్ళీ ద్రవాలతో సర్దుకుపోకుండా, నోటి ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూసే ఎండోస్కోపీ పరీక్ష చేయించుకోండి. చాలా సందర్భాల్లో అప్పుడే బెలూన్‌తో ఆ దారిని వెడల్పు చేస్తారు.