తుక్కు కొట్టులో కొన్న ఉలి ఎందుకు తెగదు? పాత వడ్రంగి పనిముట్ల సమస్యలు - పరిష్కారాలు

నా పెట్టెలో పదకొండు ఉలులున్నాయి. నాలుగు తెగవు. ఆ నాలుగూ అనంతపురంలో తుక్కు కొట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టిన మొదటి ఏడాది కొన్నవి, చూడ్డానికి అద్దంలా మెరుస్తాయి. తర్వాత కొన్నవన్నీ తుప్పు పట్టి, పిడి ఊడి, ముట్టుకోబుద్ధి కాని సరుకు. ఇప్పుడు పని జరిగేది వాటితోనే. అలా ఎందుకయిందో తెలుసుకోవడానికి నాకు చాలా డబ్బు పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

సమస్య: ఎంత తిరిగినా వడ్రంగి సామాను కనబడదు

సంతలో పట్టా పరిచి అమ్మేవాళ్ల దగ్గర చార్జర్లు, కొళాయిలు, మిక్సీ మోటార్లు ఉంటాయి. వడ్రంగి పెట్టె అక్కడిదాకా రాదు. తాత పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టెకు పెట్టె ఇనుప తూకానికి వెళ్లిపోతుంది. కాబట్టి వెతకాల్సింది తుక్కు కొట్టు వెనక గోనెసంచుల్లో.

ఇంకో కారణం పేరు. చెక్కను నున్నగా గీసే ప్లేన్ ఉందా అంటే లేదంటారు. రంధా, తోపడా, చిత్రిక అని వరసగా అడగండి, ఏదో ఒక పేరుకు తల ఊపుతారు. నేను పాతూరులో మొదటిసారి “ఏమన్నా, పాత తోపడా ఏమైనా ఉందా?” అని అడిగితే “ఉండేదంతా ఇనుమే కదప్పా, నువ్వే చూసుకో” అన్నాడాయన. ఆ ‘నువ్వే చూసుకో’ అన్న మాట కోసమే వెళ్లేది. జేబులో చిన్న ఆకురాయి (ఇనుమును రాకే ఫైల్), అయస్కాంతం, స్టీలు స్కేలు, టార్చి, పాత గుడ్డ ఉంటే చాలు. దసరా ముందు మాత్రం పోకండి. ఆయుధపూజ దగ్గర పడ్డాక పనిముట్టు అమ్మడానికి ఎవరికీ మనసొప్పదు. ఒకసారి కొన్న తోపడా విప్పితే మూలల్లో ఎప్పటిదో కుంకుమ గట్టిపడి ఉంది. దాన్ని గీకెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

పెట్టె నిండా నూనె రాసిన సామాను, అడిగినదాంట్లో సగానికే ఇచ్చేస్తానని తొందరపెడుతుంటే మాత్రం అది ఎవరో వడ్రంగి నిన్నటిదాకా వాడుకున్న పెట్టె అయ్యుండొచ్చు. వదిలేయండి.

సమస్య: ఉలి తళతళలాడుతోంది, పదును పది దెబ్బలకే పోతోంది

నా నాలుగు ఉలుల కథ ఇదే. పదును పెట్టినప్పుడు చేతి వెంట్రుకలు తెగుతాయి. వేప చెక్కలో పది దెబ్బలు కొట్టేసరికి అంచు మడతపడుతుంది. వేలిగోరు ఆనిస్తే తెలుస్తుంది.

కారణం ఆ మెరుపే. అమ్మేముందు తుప్పు పోగొట్టడానికి యాంగిల్ గ్రైండర్ పెడతారు. ఉలి ఉక్కుకు గట్టిదనం వచ్చేది ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచినప్పుడు. ఆ తర్వాత దానికి 220, 230 డిగ్రీలు దాటి వేడి తగిలితే గట్టిదనం దిగిపోవడం మొదలవుతుంది. గ్రైండర్ కింద పల్చటి అంచు రెండు క్షణాల్లో నీలం తిరుగుతుంది. నీలం కనబడిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా వెళ్లినట్టే. గడుసు వ్యాపారి ఆ నీలాన్ని కూడా బఫ్ పట్టి చెరిపేస్తాడు. అప్పుడు కంటితో పట్టుకోలేం.

అందుకే ఆకురాయి. ముందు ఉలి మెడ దగ్గర, పిడిలోకి దిగే చోట, ఒకసారి తోయండి. అక్కడ ఉక్కు మెత్తగానే ఉంటుంది, ఆకురాయి కరకరమని కొరుకుతుంది. అదే తోపు అంచుకు అంగుళం లోపల పక్క మీద తోయండి. జారిపోతే, లేదా గీరీ గీరనట్టు ఉంటే, ఉక్కు బతికుంది. మెడ దగ్గర కొరికినట్టే ఇక్కడా కొరికితే అది ఉలి ఆకారంలో ఉన్న మేకు.

ఇప్పటికే కొనేసి ఉంటే రెండు దారులున్నాయి. కాలింది అంచు వరకే అయితే ఆ నాలుగైదు మిల్లీమీటర్లు సానరాయి మీద అరగదీసెయ్యండి. గ్రైండరే వాడితే ప్రతి రెండు క్షణాలకోసారి నీళ్లలో ముంచండి, వేలికి వేడి తగిలితే ఆపండి. లోపల మంచి ఉక్కు దొరుకుతుంది. మొత్తం మెత్తబడి ఉంటే కమ్మరి కొలిమికి పోవాల్సిందే. చివరి రెండంగుళాలు అయస్కాంతం అంటుకోనంతగా ఎర్రగా కాల్చి, గోరువెచ్చని నూనెలో నిలువుగా ముంచాలి. నీళ్లలో ముంచితే పాత ఉక్కు కొన్నిసార్లు పగులుతుంది, నూనె నిదానం. ముంచాక అది గాజులా పెళుసుగా ఉంటుంది. అలాగే వాడితే అంచు రాలుతుంది. ఒకవైపు తెల్లగా రుద్ది, వెనక నుంచి నెమ్మదిగా వేడి చేస్తే రంగు పాకుతూ వస్తుంది. అంచు ఎండుగడ్డి రంగుకు రాగానే ఆపాలి. నా నాలుగింటిలో ఒకటి ఇలా కొలిమికి పంపాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను.

సమస్య: తుప్పు

తుప్పు చూసి బేరం వదులుకున్నవాళ్లను చూస్తే నాకు లోపల సంతోషం. పైన ఎర్రటి పొడిలా ఉండే తుప్పు ఒక రాత్రి పని. నిమ్మకాయంత చింతపండు చిక్కగా పిసికి, లేదా మామూలు వెనిగర్ పోసి, ఇనుము పూర్తిగా మునిగేలా రాత్రంతా ఉంచండి. ఒక రోజు దాటనివ్వొద్దు, పులుపు తుప్పు అయిపోయాక ఇనుమును తింటుంది. పొద్దున కొబ్బరి పీచుతో రుద్ది, వంట సోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, కుట్టు మిషన్ నూనె రాయండి. మా జిల్లాలో చేతికి మొదట దొరికేది శనక్కాయల నూనె, దాన్ని మాత్రం పూయొద్దు. కొన్నాళ్లకు జిగట కట్టి దుమ్మంతా పట్టుకుంటుంది.

ఈ పని వంటింటి గట్టు మీద చేశారంటే ఇంట్లో మాట పడాల్సి వస్తుంది. కడప బండ సున్నపురాయి జాతి, చింతపండు రసం, వెనిగర్ పడిన చోటల్లా నున్నదనం పోయి తెల్లటి మచ్చ పడుతుంది. మా ఇంట్లో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

భయపడాల్సింది గుంటలకు. ఉలి వెనక చదును వైపు, అంచు దగ్గర, గుంటలుంటే ఎంత నూరినా అంచులో పళ్లు ఊడినట్టు ఖాళీలు వస్తాయి. కర్నూలులో ఒక తోపడా కొన్నాను. 2009 అక్టోబరు వరదలో మునిగిన ఇంటి సామానని చెప్పాడు అమ్మినాయన. బురదలో ఎన్నాళ్లుందో, బ్లేడు వెనకంతా అమ్మవారు పోసినట్టు గుంటలు. పొడి నేల కాబట్టి అనంతపురం సరుకులో తుప్పు తక్కువ, చెక్క పగుళ్లు ఎక్కువ అని నా లెక్క. గుంటలు పైవైపు ఉంటే పట్టించుకోకండి. వెనకవైపు ఉంటే గోరు దిగుతుందో లేదో చూడండి. దిగితే తూకం ధర కంటే రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు.

సమస్య: తోపడా చెక్క మీద ఎగిరెగిరి పడుతోంది, పొట్టు ఇరుక్కుంటోంది

చాలామంది వెంటనే బ్లేడును తిడతారు. ముందు బ్లేడును, దాని మీద ఉండే రెండో ఇనుమును బిగించి ఉన్నట్టే బయటికి తీసి, వెలుతురుకు పట్టుకోండి. మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడితే పొట్టు దూరేది అక్కడే. ఆ రెండో ఇనుము ముందు అంచును సానరాయి మీద కొద్దిగా వాలుగా రుద్దితే వెలుగు మాయమవుతుంది. దాన్ని బ్లేడు అంచుకు మామూలు పనికి ఒక మిల్లీమీటరు, నున్నటి పనికి అర మిల్లీమీటరు లోపు దూరంలో బిగించండి.

అయినా ఎగురుతుంటే అడుగు వంగి ఉంది. పరిష్కారానికి కడప బండ ముక్క కావాలి, పాలిష్ పట్టింది. ముందు స్టీలు స్కేలు నిలబెట్టి బండ చదునుగా ఉందో లేదో చూసుకోండి, పాలిష్ ఉన్నంత మాత్రాన చదును అని కాదు. ఎమరీ పేపర్ అంటించి, తోపడా అడుగున మార్కర్‌తో అడ్డగీతలు గీసి, బ్లేడు లోపలికి లాగి బిగించే ఉంచి రుద్దండి. బ్లేడు తీసేసి రుద్దితే బిగించాక మళ్లీ వంగుతుంది. మొత్తం మెరిసేదాకా రుద్దక్కర్లేదు. ముక్కు (ముందు చివర), నోటి (బ్లేడు బయటికి వచ్చే సందు) ముందు పట్టీ, మడమ (వెనక చివర), ఈ మూడు చోట్ల గీతలు చెరిగిపోతే పని అయిపోయినట్టే.

ఇనుప తోపడా మీద స్టాన్లీ పేరు కనబడితే ముందు భాగంలో అంకె చూడండి. 4 అంటే తొమ్మిది అంగుళాల పొడవు, 5 అంటే పద్నాలుగు. కొన్నింటికి బ్లేడు వెనకాల నేల మీద పేటెంట్ తేదీలు పోతపోసి ఉంటాయి, చివరన 02, 10 అని ఉంటే అవి 1902, 1910. అలాంటిది దొరికితే మొహంలో ఏమీ కనబడనివ్వకుండా బేరమాడండి. ఒక్క మరమేకు పోయినా హార్డ్‌వేర్ షాపులో దొరకదు, ఆ మరలు మన మిల్లీమీటరు కొలతలవి కావు. లేత్ షాపులో చేయించడం కంటే పగిలిన ఇంకో తోపడా తూకానికి కొని మరలు తీసుకోవడం చవక. బ్లేడును పైకి కిందికి జరిపే ఇత్తడి చక్రానిది ఎడమ మర, అంటే మామూలు మరకు ఎదురు తిరుగుతుంది. తిరగడం లేదని బలవంతంగా మామూలు మరలా తిప్పి విరగ్గొట్టినవాళ్లున్నారు.

సమస్య: రంపం బిగుసుకుంటోంది, లేదా గీత వదిలి పక్కకు పోతోంది

బిగుసుకుంటే పళ్ల వంపు అరిగిపోయింది. ఒక పన్ను ఇటు, ఒకటి అటు మళ్లీ వంచి, మూడు మూలల ఆకురాయితో నూరాలి. పక్కకు పోతుంటే, ఎటు పోతుందో అటు వంపు ఎక్కువుంది. ఆ వైపు పళ్ల వెంట సానరాయిని ఒక్కసారి లాగి చూడండి, చాలావరకు అంతే సరిపోతుంది. రేకుకే మడత పడి ఉంటే కొనొద్దు.

సమస్య: ఏప్రిల్ వచ్చేసరికి బాడిస తల ఊగుతోంది

ఎండకు పిడి చెక్క కుంచించుకుపోయింది. అందరూ నీళ్ల బకెట్లో పెడతారు. ఆ పూటకు బిగుస్తుంది, ఉబ్బిన నారలు ఇనుముకు నలిగి, ఆరాక ఇంకా వదులవుతుంది. తల ఊడదీసి, తుమ్మ చెక్క చీల దిగ్గొట్టి, పిడికి అవిసె నూనె పట్టించండి. పిడి నుంచి మెత్తటి పిండి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. దాన్ని మిగతా పెట్టెలో కలపకుండా పిడి మార్చేయండి.

సమస్య: అన్నీ సరిచేసినా తోపడా మోగడం లేదు

బ్లేడు తీసేసి, తోపడాను రెండు వేళ్ల మధ్య వేలాడదీసి, స్కేలుతో మెల్లగా కొట్టండి. ఖంగుమనాలి. బొదబొదమంటే పోత ఇనుములో ఎక్కడో పగులుంది, సాధారణంగా నోటి పక్కన. కొత్తగా నల్ల రంగు పూసిన చోట టార్చి వేసి మరీ చూడండి, రంగు పూసింది అందుకే. వెల్డింగ్ పెట్టిస్తే అడుగు మళ్లీ వంగుతుంది, కూలి దండగ. బ్లేడు, మరలు, పిడి ఊడదీసుకుని, మిగిలింది తెచ్చిన కొట్టుకే తూకానికి వేసేయండి.