సియాటెల్ దగ్గరి నదుల్లో కోహో సాల్మన్: ఏ రోజు వెళ్లాలి, ఎలా పట్టాలి?

ప్రతి అక్టోబరులోనూ ఇదే చూస్తున్నాను. శుక్రవారం కుండపోత వాన పడుతుంది. శనివారం తెల్లారేసరికి మనవాళ్లు నాలుగు కార్లలో స్కైకోమిష్ ఒడ్డుకి చేరతారు. నది కాఫీ రంగులో పారుతూ ఉంటుంది. సాయంత్రం దాకా గాలం విసిరి, ఒక్కటీ పడక, ఈ నదిలో చేపల్లేవని వెళ్లిపోతారు. చేపలున్నాయి. ఎంచుకున్న రోజే తప్పు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. ఎనిమిదిన్నర అడుగుల మీడియం రాడ్, 3000 సైజు స్పిన్నింగ్ రీల్, 30 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) లైన్, దాని చివర 12 పౌండ్ల లీడర్ (గాలం కట్టే సన్నటి దారం), నాలుగో నంబరు స్పిన్నర్లు (లాగుతుంటే రేకు తిరిగే కృత్రిమ ఎరలు) అరడజను. రేకు వెండి రంగుదే ఉండాలి. గాలానికి ఒకటే మొన ఉండాలి, మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు ప్లయర్‌తో నొక్కేయాలి. లైసెన్సు, పట్టిన చేపలు రాసుకునే క్యాచ్ కార్డు తప్పనిసరి. ఏ నది తెరిచి ఉందో రాష్ట్ర మత్స్య శాఖ సైట్‌లో ముందురోజు రాత్రి చూడండి. సీజన్ మధ్యలో కూడా నిబంధనలు మారిపోతాయి.

ఇక అసలు పని: నదిని చదవడం. అమెరికా భూవిజ్ఞాన సర్వే (యూఎస్‌జీఎస్) సైట్‌లో, స్కైకోమిష్ నది మీద గోల్డ్ బార్ ఊరి దగ్గరున్న గేజ్ తెరవండి. నీటి ప్రవాహం అక్కడ సెకనుకు ఘనపుటడుగుల్లో ఉంటుంది, అంటే మన క్యూసెక్కులే. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక అని వార్తల్లో వింటూ పెరిగినవాళ్లకి గేజ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ చాలామంది అంకె ఒక్కటే చూసి ఆగిపోతారు. చూడాల్సింది గ్రాఫ్‌లో గీత ఎటు పోతోందన్నది. 3000 క్యూసెక్కులు పెరుగుతున్న నదిలో ఒక మాట, తగ్గుతున్న నదిలో పూర్తిగా వేరే మాట.

ఎందుకంటే నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు కోహోలు కింది పాయల్లోనే ఆగి ఉంటాయి. వాన నీరు దిగగానే పైకి ఎక్కుతాయి. ఎర్ర నీరు రాగానే పులస సముద్రం వదిలి గోదావరికి ఎదురెక్కినట్టే. కానీ నది పెరుగుతున్నంతసేపు అవి ప్రయాణంలో ఉంటాయి. బురదలో మీ స్పిన్నర్ వాటి కంటికి ఆనదు, పైగా కొట్టుకొచ్చే ఆకులు ప్రతి విసురుకీ గాలానికి చుట్టుకుంటాయి. నీరు తీసి, తేరుకోవడం మొదలైనప్పుడు అవి మడుగుల్లో ఆగుతాయి. ఆ ఆగడం కోసమే మనం వెళ్లేది.

నా నియమం ఇది. గీత కనీసం 24 గంటలుగా కిందికి దిగుతూ ఉండాలి. గోల్డ్ బార్ దగ్గర 1500 నుంచి 4000 క్యూసెక్కుల మధ్య ఉండాలి. బెల్‌వ్యూలో మీ ఇంటి మీద పడే వాన కాదు, స్టీవెన్స్ పాస్ వైపు కొండల మీద పడేది లెక్క. అక్కడ మంచుగా పడితే నది పెద్దగా కదలదు, వానగా పడితే ఆ రాత్రికే పొంగుతుంది. అందుకే ఫ్రీజింగ్ లెవెల్, అంటే గాలి చల్లదనం సున్నా డిగ్రీలకు చేరే చోటు, ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. వెదర్ యాప్‌లో సూర్యుడి బొమ్మ కనబడగానే బయల్దేరేవాళ్లకి ఇవేవీ తెలియవు.

ఒడ్డుకి చేరాక రంగు చూడండి. మోకాలి లోతులో నిలబడితే బూటు కొస మసకగా కనిపించాలి, నీళ్లు పచ్చగా ఉండాలి. బూటు అసలు కనబడకపోతే ఇంటికి వెళ్లిపోండి. గులకరాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంటే చేపలు బెదురుతాయి, తెల్లవారి మొదటి గంటలోనే పని ముగించాలి.

ఈ లెక్క అన్ని నదులకీ పనికిరాదు. పుయాలప్ నదిలోకి రెయినియర్ హిమానీనదాల నీరు వస్తుంది. ఎండగా ఉన్న రోజు కూడా అది పాలు కలిసినట్టు ఉండొచ్చు. గ్రీన్ రివర్ మీద హోవర్డ్ హాన్సన్ డ్యామ్ ఉంది, నీళ్లు వదిలితే వాన లేకుండానే పెరుగుతుంది.

గీత పైకి పోతుంటే నీళ్లలో దిగొద్దు. నేను ఒకసారి చిన్న పాయ దాటి గులకదిబ్బ మీదికి వెళ్లి, రెండు గంటలు వెనక్కి తిరిగి చూడలేదు. వచ్చేటప్పుడు పిక్కల లోతున్న పాయ, తిరిగి వెళ్లేటప్పుడు నడుం దాకా వచ్చింది. ఒక కర్ర పట్టుకుని ఎలాగో ఒడ్డెక్కాను. అప్పటి నుంచి దిగగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకుంటాను. అది మునిగితే వెంటనే బయటికి. వేడర్లకు (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడవాటి ప్యాంటు) నడుం బెల్టు లేకుండా ఎవరూ దిగకూడదు.

విసరడం తేలిక. కోహోలు వడి నీటిలో ఉండవు, నిదానంగా తిరిగే మడుగుల్లో, పడిపోయిన చెట్ల పక్కన ఉంటాయి. అడ్డంగా విసిరి, మునగనిచ్చి, రేకు తిరిగేంత నెమ్మదిగా చుట్టండి. కాళ్ల దాకా వెంటాడి వచ్చి పట్టే చేపలు చాలా, కాబట్టి చివర్లో తొందరపడొద్దు. గుడ్ల ఎరతో ఎక్కువ పడతాయంటారు, పడతాయి కూడా. కానీ చేప దాన్ని లోతుగా మింగేస్తుంది, వదిలేయాల్సిన చేప బతకడం కష్టం. స్పిన్నర్ మూతి అంచునే తగులుతుంది.

చేప దగ్గరికి రాగానే వీపు మీద, తోకకు ముందుండే చిన్న కండ రెక్క చూడండి. అది కత్తిరించి ఉంటే హేచరీ (పెంపక కేంద్రం) చేప. రెక్క ఉంటే కొన్నిచోట్ల వదిలేయాల్సిందే. అలాంటి సాల్మన్‌ను ఫోటో కోసం నీళ్లలోంచి పైకెత్తడం ఇక్కడ చట్టవిరుద్ధం.

ట్రౌట్ కావాలంటే గుడ్లు పెడుతున్న సాల్మన్‌లకు కాస్త దిగువన చూడండి. కొట్టుకొచ్చే గుడ్ల కోసం కట్‌థ్రోట్ రకం ట్రౌట్‌లు అక్కడ కాచుకుని ఉంటాయి. గులకలో శుభ్రంగా తోమినట్టున్న తెల్లటి మచ్చలు కనిపిస్తే మాత్రం వాటి మీద నడవకండి. గుడ్లు ఉండేది వాటి కిందే.