ఒక భవనం, అయిదు శాఖలు: సుస్థిరత కోర్సును ఉమ్మడిగా నడిపే పద్ధతి

సుస్థిరత మీద ఉమ్మడి కోర్సు అనగానే సాధారణంగా వేసే ప్రణాళిక ఇది: ఇంజినీరింగ్ వాళ్లు మూడు వారాలు, అర్థశాస్త్రం వాళ్లు మూడు వారాలు, సోషియాలజీ వాళ్లు మూడు వారాలు. ఎవరి వాటా వాళ్లు చెప్పేసి వెళ్తారు. అన్నిటినీ కలిపే పని, అసలు కష్టమైన పని, తరగతిలో అందరికంటే తక్కువ తెలిసిన విద్యార్థి నెత్తిన పడుతుంది.

దీనికి విరుగుడు, అంశాన్ని కాకుండా ప్రశ్నను మధ్యలో పెట్టడం. ఆ ప్రశ్నకు రెండు లక్షణాలుండాలి: సెమిస్టర్ లోపల కొలవగలగాలి, ఏ ఒక్క శాఖా ఒంటరిగా జవాబు చెప్పలేకపోవాలి. "క్యాంపస్‌ను పచ్చగా మార్చడం ఎలా?" అనేది పనికిరాదు. "ఈ ప్రయోగశాలల భవనం రాత్రి ఎవరూ లేనప్పుడు కూడా ఇంత కరెంటు ఎందుకు తాగుతోంది?" అనేది పనికొస్తుంది. సుస్థిర అభివృద్ధికి 1987 నాటి బ్రంట్లాండ్ నివేదిక (ఐక్యరాజ్యసమితి కమిషన్‌ది) ఇచ్చిన నిర్వచనం, 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు, వాటి కిందున్న 169 ఉపలక్ష్యాలు చెప్పాల్సిందే, కానీ ఒక గంట చాలు.

సెమిస్టర్‌కు మూడు నెలల ముందు

మూడు పనులు రాతపూర్వకంగా తేల్చుకోండి. మొదటిది, మీటర్ గదిలోకి వెళ్లడానికి అనుమతి. రెండోది, బోధన గంటల లెక్క. ఇద్దరు అధ్యాపకులు కలిసి చెప్పే గంటను ఇద్దరికీ పూర్తి గంటగానే లెక్కించాలి. చెరి సగం చేస్తే, నెల తిరక్కుండానే ఒకరు రావడం మానేస్తారు. మూడోది, మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు. ఇంటర్వ్యూలకు అనుమతి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి సెమిస్టర్ మొదలయ్యాక అడిగితే ఆలస్యమే. భవనం మొత్తం మీద మీటర్ రీడింగు వ్యక్తిగత సమాచారం కాదు. ఒక్కరే వాడే గది రీడింగు మాత్రం, ఆ మనిషి ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్లారో చెప్పేస్తుంది. దాన్ని దరఖాస్తులో చేర్చండి.

24 మంది విద్యార్థులైతే ఆరుగురేసి నాలుగు జట్లు. ఒక జట్టులో ఒకే శాఖ వాళ్లు ఇద్దరికి మించకూడదు. ముగ్గురైతే ఆ శాఖ భాషే జట్టు భాష అయిపోతుంది, మిగతావాళ్లు నోట్సు రాసేవాళ్లుగా మిగులుతారు.

మొదటి రెండు వారాలు: మాటల పంచాయితీ

ఈ భాగాన్ని తొందరగా దాటేయాలనిపిస్తుంది, దాటేయొద్దు. "నమూనా" అంటే గణాంకశాస్త్రం విద్యార్థికి జనాభాలోంచి ఎంచుకున్న కొందరు. ఇంజినీరుకు కంప్యూటర్లో నడిపే మోడల్. "సామర్థ్యం" అంటే ఒకరికి మోటారు దక్షత, ఇంకొకరికి ట్యాంకు ఎంత పడుతుందన్నది, అర్థశాస్త్రం వాళ్లకు ఒకరికి నష్టం లేకుండా ఇంకొకరికి మేలు చేయలేని స్థితి. ఇద్దరూ తలూపుతారు, ఇద్దరి మనసులో ఉన్నది వేరు. ఆ తేడా పదో వారంలో నివేదిక రాసేటప్పుడు బయటపడితే దిద్దుకోవడానికి టైముండదు. ప్రతి జట్టూ ఇలాంటి పది మాటలు ఏరి, ఒక్కోదానికి శాఖలవారీగా అర్థం రాసి, తమ నివేదికలో ఏ అర్థంలో వాడతారో తేల్చి గోడకు అంటించాలి.

మూడు నుంచి ఆరో వారం: కొలవడం

రాత్రి 10 గంటలకు ఒకసారి, తెల్లవారి 5 గంటలకు ఒకసారి మీటర్ రీడింగు. మధ్యలో ఏడు గంటలు. ఉదాహరణకు తేడా 280 యూనిట్లు వస్తే, ఏడుతో భాగిస్తే 40 కిలోవాట్లు. అదే ఆ భవనపు రాత్రి బేస్ లోడ్, అంటే ఎవరూ లేకున్నా ఆగకుండా నడిచే వాడకం. ఏడాదికి 8,760 గంటలు. అదే లోడు రాత్రీపగలూ నడుస్తోందనుకుంటే 3,50,400 యూనిట్లు. ఒక్క రాత్రి అంకెతో ఏడాది లెక్క కట్టకండి. కనీసం నాలుగు వారాలు, సెలవు రాత్రులు కూడా కలిపి తీయండి.

తప్పు జరిగే చోట్లు ఇవి. పెద్ద భవనాల మీటర్లు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల (సీటీలు: పెద్ద కరెంటును మీటరు కొలవగలిగినంతకు తగ్గించే పరికరాలు) మీద పనిచేస్తాయి. కొన్నిటిలో తెర మీది అంకెను ఆ తగ్గింపు లెక్కతో, అంటే సీటీ నిష్పత్తితో గుణించాలి, కొన్నిటిలో మీటరే గుణించి చూపిస్తుంది. మీది ఏ రకమో తెలుసుకోకపోతే లెక్క పదుల రెట్లు తప్పుతుంది. కేడబ్ల్యూహెచ్ (యూనిట్లు) బదులు, అదే మీటరు చూపించే ఇంకో కొలత కేవీఏహెచ్ రాసుకురావడం ఇంకో మామూలు పొరపాటు. ఈ నాలుగు వారాలు అయ్యేదాకా పోస్టర్లు, ప్రచారం వద్దు. ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనుషులు స్విచ్చులు ఆపుతారు, పోల్చుకోవడానికి అసలు అంకె దొరకదు.

ఏడు నుంచి పదో వారం: ఎందుకు?

అసలు పాఠం ఇక్కడుంది. ప్రయోగశాలల భవనంలో రాత్రి లోడు ఎక్కువగా గాలి మార్పిడి ఫ్యాన్లు, డీప్ ఫ్రీజర్లు. విద్యార్థులకు వెంటనే తట్టే ఉపాయం, "ఫ్యూమ్ హుడ్ తలుపు మూయండి" అని పోస్టరు వేయడం. ఫ్యూమ్ హుడ్ అంటే ప్రయోగాల్లో వచ్చే విషవాయువులను బయటికి లాగే, అద్దపు తలుపున్న పెట్టె. హుడ్ స్థిరంగా ఒకే పరిమాణంలో గాలి లాగే రకమైతే, అద్దపు తలుపు మూసినా ఫ్యాన్ అంతే గాలి లాగుతుంది, కరెంటు దాదాపు తగ్గదు. తలుపు స్థాయిని బట్టి గాలి తగ్గించే రకమైతేనే ఆదా. ఏ రకమైనా భద్రత కోసం మూయాల్సిందే, అది వేరే సంగతి. కమ్యూనికేషన్ విద్యార్థి ఎంత మంచి పోస్టరు వేసినా, మెకానికల్ విద్యార్థి పైకెక్కి డక్టు (గాలి గొట్టం) చూడకపోతే కాగితం దండగ.

ఫ్రీజర్ల కథ దీనికి తిరగేసి ఉంటుంది. మైనస్ 80 డిగ్రీల నుంచి మైనస్ 70కి మారిస్తే ఆ ఫ్రీజర్ కరెంటు సుమారు 30 శాతం తగ్గుతుంది. మీట నొక్కడం నిమిషం పని. నొక్కే హక్కు ఎవరిది? లోపల పదేళ్ల శాంపిళ్లున్న పరిశోధకుడికి రిస్కు తనది, కరెంటు బిల్లు మాత్రం విశ్వవిద్యాలయానిది. ఖర్చు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయినచోట సాంకేతిక పరిష్కారం ఎంత చవకైనా ముందుకు పోదు. అర్థశాస్త్రం, సోషియాలజీ విద్యార్థులకు పని దొరికేది ఇక్కడే: బిల్లు ఎవరి ఖాతాలోకి వెళ్తోంది, పాత శాంపిళ్లు పారేయాలని చెప్పే అధికారం ఎవరికుంది, తాళాలెవరి దగ్గరున్నాయి.

డబ్బు లెక్కలో ఒకే ఒక్క డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును నేటి విలువలోకి తగ్గించే శాతం) పెట్టి సరిపుచ్చనివ్వకండి. 50 ఏళ్ల తర్వాత వచ్చే 100, ఏడాదికి 1 శాతంతో నేటి విలువలో సుమారు 61. 3 శాతంతో 23. 7 శాతంతో 3.4. అంటే రేటు ఎంచుకోవడం, పుట్టబోయేవాళ్లకు ఎంత విలువిస్తామో చెప్పడమే. తత్త్వశాస్త్రం అధ్యాపకుడిని పిలవాల్సిన తరగతి ఇది. కర్బన లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కర్బన ఉద్గారాలు లెక్కించే ప్రమాణమైన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ 2015 మార్గదర్శకం ప్రకారం, కొన్న కరెంటుకు స్థానిక గ్రిడ్ సగటుతో ఒక అంకె, కొనుగోలు ఒప్పందాలను బట్టి ఇంకో అంకె వస్తాయి. రెండూ చూపించాలి. తక్కువున్నది ఒక్కటే చూపించిన నివేదికను వెనక్కి పంపండి.

మార్కులు, రచయితల పేర్లు

జట్టు నివేదికకు 40, ఒక్కొక్కరు విడిగా రాసే పత్రానికి 40, మాటల పట్టికకు 20 పెట్టుకోవచ్చు. విడి పత్రంలో తన శాఖ గురించి కాకుండా, పక్క శాఖ పద్ధతి ఈ ప్రశ్నలో ఎక్కడ ఉపయోగపడిందో, ఎక్కడ చాలలేదో రాయించండి. కొందరికి ఇది మొదటిసారి రాదు. తిరగరాసే అవకాశం ఇవ్వండి.

ఫలితాలు పరిశోధన పత్రంగా వచ్చేలా ఉంటే, పేర్ల వరుస గురించి మొదటి నెలలోనే మాట్లాడుకోవాలి. జీవశాస్త్రంలో చివరి పేరు ప్రయోగశాల అధిపతిది, గౌరవం. అర్థశాస్త్రంలో చాలావరకు అక్షరక్రమం, వరుసకు అర్థం లేదు. హ్యుమానిటీస్‌లో ఒక్కరే రాయడం అలవాటు. పరిశోధన పత్రంలో ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ (CRediT) పట్టికలోని 14 పాత్రల్లో ఎవరు ఏది చేస్తారో ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం చేస్తే సగం గొడవలు పుట్టవు.

చివరి వారం డేటాను తర్వాతి బ్యాచ్‌కు అప్పగించడానికే ఉంచండి. ఫైల్లో మీటర్ నంబరు, సీటీ నిష్పత్తి, రీడింగు తీసిన సమయాలు, ఏ ఫ్రీజర్‌ను ఏ తేదీన ఎంతకు మార్చారు అన్నవి ఉండాలి. ఒక ప్రతి రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్‌కు కూడా ఇవ్వండి. అర్ధరాత్రి అలారం మోగితే మైనస్ 70 తప్పా, కావాలని పెట్టిందా అని తేల్చుకోవాల్సింది ఆయనే.