ఊపిరాడని పనిరోజు: సమస్య - పరిష్కారం

ఫ్యాను తిరగకపోతే ముందు స్విచ్చు చూస్తాం, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత కెపాసిటర్. ఎకాయెకి కొత్త ఫ్యాను కొనేసుకోం. మనిషికి తీరిక లేకపోతే మాత్రం ఎవరినడిగినా ఒకటే మందు: ధ్యానం చెయ్యండి, లేదా అరకు వెళ్ళి రండి. అరకు మంచి ఊరే, కాదన్ను. కానీ సోమవారం పదకొండు గంటలకి రెండు ఫోన్లు ఒకేసారి మోగుతున్నప్పుడు అది వంద కిలోమీటర్ల పైన ఉంటుంది.

విశాఖ వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసుకి దగ్గర్లో ఒక క్లియరింగ్ ఆఫీసులో ఎగుమతి కాగితాలు చూస్తుంటాను. ఎక్కువగా రొయ్యల కంటైనర్లు. ఓడ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి మా పనిలో తొందర జీతంతో పాటే వస్తుంది. ఇక్కడ రాసినవన్నీ ఆ కుర్చీలో కూర్చుని నేర్చుకున్నవి. మీ లక్షణం ఏదో చూసుకుని అక్కడే చదవండి.

"పొద్దుటి నుంచీ చేస్తూనే ఉన్నాను, ఒక్కటీ పూర్తవలేదు"

తొమ్మిదిన్నరకి కూర్చుంటారు. తల ఎత్తితే ఒంటిగంట. బల్ల మీద నాలుగు ఫైళ్ళు, నాలుగూ సగం సగం.

కారణం పని ఎక్కువ కావడమే అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం పనులు మార్చడం. ఒక పని మధ్యలో వదిలేసి ఇంకోదానికి వెళితే మొదటిది మన తలలోంచి పూర్తిగా దిగదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే ఒక పరిశోధన వ్యాసం రాశారు. డికాక్షన్ వంచేశాక గిన్నె అడుగున మడ్డి మిగిలినట్టు, ముందు పని తాలూకు ధ్యాస కొంత మిగిలిపోయి తర్వాతి పనిలో కలుస్తుంది. గిన్నె కడక్కుండా మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉంటే మధ్యాహ్నానికి ఏ రుచీ తెలీదు.

నాకు ఇది ఒక సీలు నెంబరు, అంటే కంటైనర్ తలుపుకి వేసే సీలు మీది నెంబరు, నేర్పింది. కంటైనర్ నెంబర్లో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఆ ఏడో అంకె మిగతావాటిని లెక్కగట్టి తేల్చే తనిఖీ అంకె. మనం ఎక్కడైనా ఒక అంకె తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ లెక్క కుదరదు, దొరికిపోతుంది. సీలు నెంబరుకి ఆ రక్షణ లేదు. అది మనం చూసి కొట్టుకోవాల్సిందే. ఒకరోజు సీలు నెంబరు కొడుతూ మధ్యలో వాట్సాప్ చూసి, జవాబిచ్చి, తిరిగొచ్చి మిగతా అంకెలు కొట్టేశాను. సాయంత్రం డ్రైవరు ఫోను: "మేడమ్, గేటు దగ్గిర ఆపేసేరండి. సీలు నెంబరు కలవట్లేదంట." ఒక్క నిమిషం మిగుల్చుకున్నాననుకున్నాను. సవరణ కోసం రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చున్నాను.

అప్పటి నుంచీ మూడు పనులు చేస్తున్నాను. మెసేజ్‌లకి చప్పుడు తీసేశాను, కాల్స్‌కి ఉంచాను. నిజంగా గేటు దగ్గర లారీ ఆగిపోతే డ్రైవరు మెసేజ్ పెట్టడు, ఫోన్ చేస్తాడు. ఈ ఒక్క తేడా తెలిశాక సగం భయం పోయింది. మెసేజ్‌లు అరగంటకోసారి చూస్తాను. రెండోది, ఎవరైనా మధ్యలో పిలిస్తే లేచే ముందు ఫైలు మీద పెన్సిల్‌తో ఒక ముక్క: "సీలు దాకా చూశాను". తిరిగొచ్చాక ఎక్కడ ఆపానో వెతుక్కోనక్కర్లేదు, అక్కడ ఉన్నంతసేపూ ఇది గుర్తుపెట్టుకోనూ అక్కర్లేదు. మూడోది చెబితే మా వాళ్ళు నవ్వుతారు. ఒక ఫైలు ట్రేలో పెట్టాక, ఇంకోటి తెరిచే ముందు రెండు గుక్కలు మంచినీళ్ళు తాగుతాను. గిన్నె కడుక్కోవడమన్నమాట.

"అన్నీ అర్జెంటే"

నా లెక్కలో ఎక్కువమందికి ఉన్న జబ్బు ఇదే. అందుకని దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

మన తొందరలో చాలాభాగం మనది కాదు, అరువు తెచ్చుకున్నది. అది ఎలా వస్తుందో చూడండి. విదేశంలో కొనేవాడు ఎగుమతిదారుకి ఒక మెయిల్ పెడతాడు. ఎగుమతిదారు కంగారుపడి మా సార్‌కి ఫోన్ చేస్తాడు. సార్ నా దగ్గరకొచ్చి "ఇది వెంటనే కావాలమ్మా" అంటారు. నేను పక్క బల్ల కుర్రాడి మీద "తమ్ముడూ, ఇంకా అవలేదా?" అని అరుస్తాను. ఒక్కొక్కరం ఎందుకైనా మంచిదని ఓ రెండు గంటలు ముందుకి జరుపుతాం. సాయంత్రం ఆరింటి పని, కుర్రాడి దగ్గరికి చేరేసరికి పన్నెండింటి పని అయిపోతుంది. వడ్డీతో సహా చేతులు మారుతుంది.

విరుగుడు ఒక ప్రశ్న. "ఎందుకు సార్ అంత తొందర?" అని మాత్రం అడక్కండి, అది ఎదురుచెప్పినట్టుంటుంది. "ఎన్ని గంటలకి కావాలి సార్?" అనండి.

మొదటిసారి అడిగినప్పుడు మా సార్ ఆగిపోయారు. "అంటే... గేటు కటాఫ్ ఎప్పుడు?" (ఓడకి వెళ్ళే కంటైనర్ రేవు గేటు దాటాల్సిన ఆఖరి గంట అన్నమాట.)

"రేపు పొద్దున్న ఆరింటికి సార్."

"అలాగైతే సాయంత్రం నాలుగింటికి చాలులే."

అంతే. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనా అరువులోనే ఉన్నాడు. ఆ వారమే గోడ బోర్డు మీద ఓడ పేరు, దాని పక్కన గేటు కటాఫ్ గంట రాయడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఎవరు కంగారుగా వచ్చినా ముందు బోర్డు వైపే చూస్తారు. మీది బ్యాంకైనా, మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఆఫీసైనా, ప్రతి పనికీ ఒక నిజమైన గడువు ఎక్కడో ఉంటుంది. దాన్ని పట్టుకుని కంటికి కనబడేలా రాయండి.

కొందరు బాసులకి ఈ ప్రశ్న కూడా నచ్చదు. "ఇప్పుడే" అంటారు. అప్పుడు చేతిలో ఉన్న రెండు ఫైళ్ళూ వాళ్ళ ముందు పెట్టి "ఏది ముందు చెయ్యమంటారు?" అనండి. నిర్ణయం వాళ్ళది అవుతుంది. అదీ పనిచెయ్యని చోట కింది వాళ్ళకి అప్పు అంటగట్టకుండా ఉండటం మన చేతిలోనే ఉంది. "తమ్ముడూ, మూడున్నరకి ఇస్తే చాలు" అన్నాక, ఆ కుర్రాడు మూడు గంటలకే ఇస్తున్నాడు.

"పది నిమిషాలు దొరికాయి, కానీ ఇంకా అలిసిపోయాను"

ఆ పది నిమిషాలు ఏం చేశారు? ఫోను చూశారు కదా.

దగ్గరి వస్తువు చూడాలంటే కంటి లోపల ఒక కండరం బిగిసి ఉండాలి. పెద్ద తెర వదిలి చిన్న తెర పట్టుకుంటే ఆ బిగువు అలాగే ఉంటుంది. పైగా తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా వేస్తాం, కళ్ళు ఎండిపోతాయి. కంటి డాక్టర్లు చెప్పే లెక్క ఇది: 20 నిమిషాలకోసారి, 20 అడుగుల అవతలి వస్తువుని, 20 సెకన్లు చూడటం.

విశాఖలో దూరం చూడ్డానికి కరువేముంది? మా మెట్ల కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. ఆ గాలి తిరిగే వేళకి ఓసారి కిటికీ దగ్గరికి వెళ్తాను. కిటికీ లేని గదిలో పనిచేసేవాళ్ళు వరండా చివరిదాకా నడిచినా చాలు. చూపుతో పాటు కాళ్ళు కూడా కదులుతాయి.

ఫోను పూర్తిగా పారేస్తేనే శాంతి అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఈ ఊళ్ళో కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. ఆ రోజులు ఎంత ప్రశాంతంగా ఉండేవో అని ఇప్పుడు కొందరు మురిసిపోతుంటారు. పాల ప్యాకెట్ కోసం లైన్లో నిలబడ్డవాళ్ళెవరూ అలా అనరు.

"భోజనం ఎప్పుడు తిన్నానో గుర్తులేదు"

ఎడమచేత్తో మౌసు, కుడిచేత్తో ముద్ద. నేనూ ఏళ్ళ తరబడి ఇలాగే తిన్నాను. డబ్బా ఖాళీ అయ్యాక గానీ బెండకాయ కూరో దొండకాయ కూరో తెలిసేది కాదు.

దీనికి ఇచ్ఛాశక్తి అవసరం లేదు, ఇంకో బల్ల కావాలి. డబ్బా మీ సీటు దగ్గర తెరవకండి. మేం నలుగురం స్టోరు గదిలో పాత రికార్డుల మధ్య కూర్చుంటాం. ఒకరి పచ్చడి ఇంకొకరికి, ఇరవై నిమిషాలు. మాఘమాసంలో ఎవరింటి పెళ్ళికి ఎవరెళ్ళారో తప్ప ఆఫీసు మాట రాదు. ఎవరైనా ఎత్తినా "అన్నం దగ్గర వద్దు" అంటే ఆపేస్తారు. కార్మికుడు విరామం లేకుండా ఏకబిగిన ఐదు గంటలకి మించి పనిచెయ్యకూడదని, కనీసం అరగంట ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. బల్ల ముందు కూర్చునేవాళ్ళకీ దుకాణాలు, సంస్థల చట్టంలో విరామం రాసే ఉంది, మనమే తీసుకోం, అంతే తేడా.

తిన్నాక ఒంటిగంట నుంచి మూడింటి మధ్య మందకొడిగా ఉండటం అన్నం తప్పు ఒక్కటే కాదు. ఒంట్లోని గడియారమే ఆ వేళకి కాస్త కిందికి దిగుతుంది. దాంతో కుస్తీ పట్టడం దండగ. స్టాంపులు వెయ్యడం, ఫైళ్ళు సర్దడం లాంటివి అప్పటికి దాచుకోండి, సీలు నెంబర్లు పెట్టుకోకండి.

"టీ మీద టీ తాగుతున్నా నిద్ర తీరట్లేదు"

కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటి టీ, రాత్రి పదింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. మూడున్నర తర్వాత టీ మానేసి, టీ కొట్టు దాకా నడక మాత్రం ఉంచుకోండి. మజ్జిగ తాగండి.

"ఖాళీగా కూర్చుంటే తప్పు చేస్తున్నట్టుంటుంది"

ఇది చిన్నప్పుడు పడిన బీజం. "ఏటి, ఖాళీగా కూచున్నావు?" అనే మాట వినకుండా ఈ ప్రాంతంలో ఏ ఆడపిల్లా పెరగలేదు. ఇంట్లో రెండో డ్యూటీ ఉన్నవాళ్ళకి మరీను. కుక్కర్ కూతకి కూతకి మధ్య కూడా కొత్తిమీర కోసేస్తుంటాం.

దీనికి నా దగ్గర పూర్తి మందు లేదు. ఒక చిట్కా ఉంది: తీరికని ఏదో ఒక పాత పనికి తగిలించడం. కొత్తగా టైమ్ వెతికితే దొరకదు, దొరికినా సిగ్గేస్తుంది. మా ఆఫీసు అటెండరు బాబాయ్ రోజూ పదకొండింటికి గ్లాసులు కడిగి, గట్టు మీద బోర్లించి, నీళ్ళు కారేదాకా అక్కడే స్టూలు మీద కూర్చుంటాడు. ఎవరూ ఏమీ అనరు, గ్లాసులు ఆరాలి కదా. ఒకసారి నేను మెట్ల మీద పరుగెడుతుంటే "ఏటమ్మా, రైలేమైనా ఎక్కాలేటి?" అన్నాడు. నిజానికి నేను వెళ్తున్నది జిరాక్స్‌కి.

నాకూ ఇప్పుడలాంటి గ్లాసులున్నాయి. జిరాక్స్ మిషన్ నడుస్తున్నంతసేపూ ఊరికే నిలబడతాను. ఇంటికెళ్ళే బస్సులో కాన్వెంట్ జంక్షన్ దాటేదాకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోను.

"ఇంటికొచ్చాను, తల ఆఫీసులోనే ఉంది"

పెద్ద ఓడ ఇంజిన్ ఆపినా వెంటనే ఆగదు, కిలోమీటర్ల దూరం ముందుకి పోతుంది. 1933లో మా రేవులో ఓడల రాకపోకలు మొదలైనప్పటి నుంచీ డాల్ఫిన్ నోస్ పక్కన ఆ ఇరుకు కాలవలోంచే లోపలి రేవుకి వస్తున్నాయి. అందుకే రేవు దారి చూపే పైలట్ బయటే ఎక్కుతాడు, వేగం అక్కడి నుంచే తగ్గుతుంది, ఓడని లాగి నెట్టే చిన్న పడవలు, టగ్‌లు పట్టుకుంటాయి. గోడ దగ్గరికొచ్చాక బ్రేకు వెయ్యాలనుకుంటే రేవు మిగలదు.

మనం ఆరింటికి దిగాలంటే ఐదూ నలభైకే ఇంజిన్ తగ్గించాలి. ఆ ఇరవై నిమిషాల్లో కొత్త ఫైలు తెరవను. మిగిలిపోయిన పనులు చీటీ మీద రాసి, వాటిలో రేపు పొద్దున్న మొదట పట్టుకోవాల్సిన దాని కింద గీత పెడతాను. చీటీ కీబోర్డు కింద ఉంటుంది. రాత్రి అన్నం వడ్డిస్తుండగా గుర్తొచ్చినా, అది చీటీలో ఉందని తెలుసు కాబట్టి మనసు గిలగిల్లాడదు.

ఇవేవీ పనిచెయ్యకపోతే

రెండు కారణాలు ఉండొచ్చు. ముగ్గురి పని ఒక్కరి చేత చేయిస్తున్నారేమో చూడండి. అది మీ అలవాట్ల లోపం కాదు, నీళ్ళు తాగితే తీరదు. మనిషిని వెయ్యమని అడగాలి. రెండోది, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఊరికే గుండె దడ, దేని మీదా మనసు లేకపోవడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి-మానస్ నెంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

ఇక నెలాఖరు. ఆ నాలుగు రోజులూ పైన చెప్పినవన్నీ నేనే పాటించలేను, స్టోరు గదిలో భోజనంతో సహా. అప్పుడు మిగిలేది ఒక్కటే. ఫైల్ చేసే పోర్టల్ తెర మీద చక్రం తిరుగుతుంటుంది చూడండి, నెలాఖరున మరీ ఎక్కువసేపు తిరుగుతుంది. ఇదివరకు దాన్ని తిడుతూ మౌసు నొక్కేదాన్ని. ఇప్పుడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీలుస్తాను, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. అలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిర్లు పడతాయి, వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. మొన్న మార్చి ఆఖరున ఒక్క షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి కాగితం) ఎక్కేసరికి పదకొండు ఊపిర్లు అయ్యాయి. పక్క బల్ల కుర్రాడు "అక్కా, నిద్రపోయావా?" అన్నాడు.