కొబ్బరికాయ కొట్టే ముందు: విశాఖ ఒడ్డున ఒకరోజు షూటింగ్‌కి జాగ్రత్తలు

విశాఖలో నలుగురు స్నేహితులు సినిమా తీద్దామనుకోగానే అందరి కళ్లూ సముద్రం వైపే పోతాయి. అద్దె అడగదు, ఎటు ఫ్రేమ్ పెట్టినా ఖరీదుగా కనిపిస్తుంది. షెడ్యూలు చెడిపోయేది కూడా ఎక్కువగా అక్కడే. పెద్ద యూనిట్‌లో కెరటాన్ని గమనించడానికి ఒకరు, కార్డులు దాచడానికి ఒకరు, మంచినీళ్లకి ఒకరు ఉంటారు. చిన్న యూనిట్‌లో కెమెరామనే డైరెక్టరు, డైరెక్టరే డ్రైవరు, హీరోయిన్ తమ్ముడు సౌండు. అందరూ ఫ్రేమ్ లోపలికే చూస్తుంటారు. ప్రమాదమేమో బయటి నుంచి వస్తుంది.

కాబట్టి లెన్సు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక మనిషిని. నటించని, కెమెరా పట్టని, డైరెక్షన్ చెయ్యని ఒకర్ని ‘ఆపే మనిషి’గా పెట్టుకోండి. ఆ మనిషి "ఆపండి" అంటే డైరెక్టరు కూడా ఎందుకని అడక్కూడదు. స్నేహితుల మధ్య ఇది కష్టమే. "ఒక్క టేకు రా, ప్లీజ్" అని బతిమాలతారు. అందుకే ఈ సంగతి ముందురోజు రాత్రే అందరి ముందూ చెప్పేయాలి.

వెలుగు ఎప్పుడు, ఎటు నుంచి

మన ఒడ్డు తూర్పు ముఖం. మే నెలలో సూర్యుడు దాదాపు 5:25కే సముద్రంలోంచి వస్తాడు, జనవరిలో ఆరున్నర దాకా రాడు. వేసవిలో ఉదయించే షాట్ కావాలంటే నాలుగుంబావుకల్లా ఒడ్డున ఉండాలి. ఎండ మెత్తగా ఉండేది ఏడు, ఏడుంబావు వరకే.

చాలామంది పొరపడేది దిక్కు దగ్గర. పొద్దున సముద్రం వెనక పెట్టి డైలాగులు తీస్తే మొహాలు నల్లగా వస్తాయి, ఎదురుగా రెండు థర్మాకోల్ షీట్లు పట్టినా చాలదు. పొద్దున నీడ బొమ్మలు, నడకలు తీసుకోండి. సముద్రం వెనకున్న డైలాగు సీన్లు సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. అప్పుడు ఎండ పడమటి నుంచి మొహం మీద పడుతుంది, నీళ్లు నీలంగా వస్తాయి. అయితే క్యాలెండర్‌లో సూర్యాస్తమయం ఆరున్నర అని చూసి ఆరింటికి మొదలుపెడితే మోసపోతారు. పడమటి కొండల వెనక్కి, ఊళ్లో అయితే బీచ్ రోడ్డు మేడల వెనక్కి, సూర్యుడు ముందే దిగిపోతాడు. రెక్కీకి, అంటే ముందుగా చోటు చూసుకోవడానికి, వెళ్లిన రోజు ఒడ్డు మీద నీడ పరుచుకున్న టైము రాసుకోండి.

పదిన్నర నుంచి మూడున్నర దాకా ఒడ్డు మీద పని పెట్టుకోవద్దు. ఇంటి లోపలి సీన్లు ఆ వేళకి తోసేయండి. మిట్ట ఎండలో ఫిల్టర్లూ చాలవు. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి) ఐఎస్ఓ 800, షట్టర్ 1/50 పెట్టి ఎన్‌డీ 64 (వెలుగుని 64వ వంతుకి తగ్గించే నల్ల ఫిల్టరు) తగిలించినా లెన్సు ఎఫ్/8 కంటే ఎక్కువ తెరవలేరు. అప్పుడు ఎవరో షట్టర్ పెంచుతారు, నడక తెగితెగి కనిపిస్తుంది. సెకనుకి 25 ఫ్రేములు, 1/50 షట్టర్ దగ్గరే ఉండండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇంట్లో ట్యూబులైట్ల కింద మినుకులు రాకుండా ఉండేది కూడా ఆ లెక్కతోనే.

నీళ్లలో సీను

మోకాలి లోతు దాటొద్దు. ఇందులో బేరం లేదు. ఆర్కే బీచ్‌లో గానీ యారాడలో గానీ కెరటం వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. అటూ ఇటూ కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక చాలు మాత్రం ప్రశాంతంగా, కాస్త మట్టి రంగుగా, నురగ లోపలికి పోతూ కనిపిస్తే ఫ్రేముకి బాగుందని మురిసిపోకండి. నీరు సముద్రంలోకి తిరిగి పోయే దారి అది. ఎవరైనా అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది చాలు దాటాలి. మిగిలినవాళ్లు వెనకే దూకకుండా ఖాళీ నీళ్ల క్యానుకి మూత బిగించి తాడు కట్టి విసరాలి. ఆ క్యాను, ఇరవై మీటర్ల తాడు ఒడ్డున సిద్ధంగా ఉంచండి.

అన్నింటికన్నా ప్రమాదంలో ఉండేది కెమెరామన్. అతని వీపు సముద్రం వైపు, కన్ను మానిటర్ మీద. వెనక ఒకరు నిలబడి బెల్టు పట్టుకుని, కెరటం వస్తే "వచ్చె!" అని అరవాలి. నటికి చీర ఉంటే ఇంకా జాగ్రత్త. తడిసిన చీర బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, ఒక అడుగు వెనక్కి వెయ్యాలన్నా రాదు. కుచ్చిళ్లు మడమ పైకి కట్టి, లోపల లెగ్గింగ్ వేయించండి. పాచి పట్టిన రాళ్ల మీద పరుగు సీన్లు అసలు రాసుకోవద్దు. జారితే దెబ్బ ఒకటి, రాళ్లకి అంటుకున్న గవ్వల పెంకులు కోసేది ఇంకొకటి.

ఆటుపోట్లు చూసుకోండి. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పొద్దున నడిచిన తడి ఇసుక మధ్యాహ్నానికి నీళ్లలో ఉంటే కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ పొంతన, పోయినట్టే. పౌర్ణమి, అమావాస్య దగ్గర తేడా ఎక్కువ. వేటకి వెళ్లే మత్స్యకారుల్ని అడిగితే ఆరోజు సముద్రం ఎలా ఉందో రెండు మాటల్లో చెప్తారు. వాళ్లు పడవ దింపని రోజు మీరు కెమెరా దింపొద్దు.

కెమెరా, ఉప్పుగాలి

ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాని ఉక్కపోతలోకి తియ్యగానే లెన్సు మీద మంచులా పట్టేస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, లోపలి అద్దాలకి పట్టిందైతే తుడవలేరు కూడా. ముందురోజు రాత్రి కెమెరా ఏసీ లేని గదిలో ఉంచండి. కారులోనూ ఏసీ వద్దు. తప్పకపోతే బ్యాగు జిప్పు తీయకుండా నలభై నిమిషాలు బయట వదిలేయండి. తెల్లవారుజామున ఈ నలభై నిమిషాలు పోతే ఉదయించే షాట్ పోయినట్టే.

లెన్సు మీద ఉప్పు తుంపర పడితే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదెయ్యాలి, ఆ తర్వాతే కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. పొడిగుడ్డతో రుద్దితే ఇసుక గీతలు పెడుతుంది. లెన్సు మార్చేది కారు లోపల, అద్దాలు ఎక్కించి. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి లేస్తుంది కాబట్టి లైటు స్టాండుకి, రిఫ్లెక్టరుకి బియ్యం సంచిలో ఇసుక పోసి కాళ్ల మీద వేయండి. ఇసుకకి అక్కడ కొదవేముంది!

సౌండు

కంటికి బాగున్న ఫ్రేమ్ చెవికి చెడ్డది. నటుడి వెనక సముద్రం ఉంటే ఎదురుగా పెట్టిన మైకు నేరుగా కెరటాల్నే వింటుంది. బూమ్‌ని (పొడుగు కర్రకి కట్టిన మైకు) తల మీదుగా కిందికి చూసేలా పట్టండి, బొచ్చు తొడుగు తప్పనిసరి. అయినా ప్రతి టేకులో కెరటం వేరుగా మోగుతుంది, ఎడిటింగ్‌లో కట్ దగ్గర ఎగిరిపడుతుంది. దీనికో చవక మందు ఉంది. సీను అవగానే నటుల్ని ఇంజిను ఆపిన కార్లో కూర్చోబెట్టి, అద్దాలు ఎక్కించి, అవే డైలాగుల్ని అదే వేగంతో రెండుసార్లు చెప్పించి రికార్డు చేసుకోండి. ఒట్టి సముద్రం మోత రెండు నిమిషాలు విడిగా తీసుకుని అడుగున పరిస్తే అతుకు కనపడదు. ఇంట్లో సీన్లకి ఫ్రిజ్ ఆపేయండి. బండి తాళాలు అందులోనే పెడితే వెళ్లేటప్పుడు ఆన్ చెయ్యడం మర్చిపోరు. పక్కింటి టీవీలో సినిమా పాట వస్తుంటే టేకు ఆపండి. ఆ పాట హక్కుల గొడవ మీ సినిమాని యూట్యూబ్‌లో పట్టుకుంటుంది.

అనుమతులు, డ్రోన్

ట్రైపాడ్ దిగిందంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. తేదీ, వేళ, ఎంతమంది, ఏ సీను అని ఒక పేజీ లెటరు రాసి ఆ ప్రాంతం పోలీస్ స్టేషన్‌లో ముందే ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. కైలాసగిరి లాంటి చోట్లకి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ), తొట్లకొండకి పురావస్తు శాఖ, ఫిషింగ్ హార్బర్‌కి పోర్టు అనుమతి కావాలి. కిడ్నాప్ సీను, బొమ్మ తుపాకీ ఉంటే ఆ మాట లెటరులో స్పష్టంగా రాయాలి. దూరం నుంచి చూసినవాళ్లు 112కి ఫోను చేస్తే తప్పు వాళ్లది కాదు.

పెళ్లి వీడియోలు తీసే మిత్రుడు డ్రోన్ తెస్తానంటాడు. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు, విమానాశ్రయం కూడా నౌకాదళ స్థావరంలోనే నడిచింది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో (మ్యాప్‌లో ఎరుపు రంగు వేసిన చోట) కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ జోన్ నియమం దానికీ వర్తిస్తుంది. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో మీ చోటు రంగు చూసి, అనుమానం ఉంటే ఆ షాట్ కైలాసగిరి మీంచి మామూలు కెమెరాతో తీసుకోండి. నౌకాదళ బోర్డు కనపడిన చోట కెమెరా ఎత్తొద్దు.

తిండి, నీళ్లు, కార్డులు

మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి ఒకటి. అర లీటరు సీసాలో మొత్తం వేసేస్తే చిక్కనై మేలుకి బదులు కీడు చేస్తుంది. మధ్యాహ్నానికి పులిహోర నిలుస్తుంది, సాంబారన్నం నిలవదు. చెమట ఆగిపోయి, మాట తడబడి, తిక్కగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డలు వేసి విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

సెకనుకి 100 మెగాబిట్ల 4కే అంటే గంటకి 45 జీబీ. నిండిన కార్డుకి ఎర్ర టేపు చుట్టి, ఖాళీవాటి నుంచి వేరే డబ్బాలో, ఆపే మనిషి జేబులో. మధ్యాహ్నం ఇంట్లో రెండు డిస్కులకి ఎక్కించి, ప్రతి ఫైలూ తెరిచి చివరి దాకా జరిపి చూశాకే ఫార్మాట్. ఆ రెండు డిస్కులూ ఒకే బండిలో ఇంటికి వెళ్లకూడదు.

ప్యాకప్ చెప్పాక అందరూ మురీ మిక్చర్ బండి దగ్గరికి పోతారు. ట్రైపాడ్ ఇసుకతోనే సంచిలోకి వెళ్తుంది. ఇంటికెళ్లగానే దాని కాళ్లు పూర్తిగా లాగి, మంచినీళ్లతో కడిగి, మూతలు వదులు చేసి ఫ్యాను కింద ఆరబెట్టండి. వారం ఆగితే ఉప్పు బిగుసుకుని ఆ కాళ్లు తిరగవు, అద్దెకిచ్చినవాడు అడ్వాన్సూ తిరిగివ్వడు.