సిరిమానోత్సవం ముందు సౌండ్ మిక్సర్ కొంటున్నారా? ఇవి చూసుకోండి

దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం. ప్రోగ్రాముల కోసం కొత్త మిక్సర్ కొనే బృందాలు డబ్బు కట్టేముందు ఇవి చూడండి.

– యూఎస్‌బీ ఉంది కదా, రికార్డింగ్‌కి సరిపోతుందిలే అనుకోవద్దు. చాలా చిన్న మిక్సర్లు మైకులన్నీ కలిపేసి రెండే ట్రాకులుగా కంప్యూటర్‌కి పంపుతాయి, తర్వాత ఇంట్లో కూర్చుని డోలు తగ్గించి గొంతు పెంచుదామన్నా కుదరదు. నేనలా ఒక జముకులకథ రికార్డింగు పాడుచేసుకున్నాను. జముకు మోతలో కథ చెప్పే పెద్దాయన గొంతు మునిగిపోయింది, ఇప్పటికీ బాధే. మల్టీట్రాక్ (ఏ మైకుకి ఆ మైకు విడిగా రికార్డయ్యే సౌకర్యం) ఉందా అని అడగండి, షాపులోనే లాప్‌టాప్‌కి తగిలించి చూడండి.

– పేరులోని అంకె నమ్మొద్దు. యమహా ఎంజీ10లో మైకులు పట్టేది నాలుగింటికే.

– మానిటర్‌కి, అంటే పాడేవాళ్లకి వినిపించే స్టేజీ స్పీకర్‌కి, ప్రీ-ఫేడర్ ఆక్స్ (జనం వైపు సౌండ్ కంట్రోల్‌తో సంబంధం లేకుండా విడిగా వెళ్లే లైను) ఉండాలి. లేదంటే జనం వైపు సౌండ్ తగ్గించినప్పుడల్లా స్టేజీ మీద పాడేవాళ్లకీ తగ్గిపోయి శృతి తప్పుతారు.

– తప్పెటగుళ్లు ఉంటే ప్యాడ్ బటన్ (మైకు నుంచి వచ్చే సౌండ్‌ని ఒక్కసారిగా తగ్గించేది) ఉందా చూడండి. ఛాతీ మీది తప్పెట దెబ్బకి గెయిన్ (మైకు సౌండ్ పెంచే నాబ్) పూర్తిగా తగ్గించినా, సౌండ్ ఎక్కువై పగిలిపోతోందని చెప్పే ఎర్ర లైటు ఆరకపోవచ్చు.

– చాలా కండెన్సర్ మైకులకి 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్‌లోనే మిక్సర్ పంపే కరెంటు) కావాలి.

– జనరేటర్ మీద ఆడించేవాళ్లు స్టెబిలైజర్ కూడా కొనండి.